ఫాలోవర్లు పెరుగుతున్నా కస్టమర్లు ఎందుకు రావట్లేదు?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీరు ముగ్గురూ కలిసి ఫిజియోథెరపీ క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్లు చూసిపెట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. ఎనిమిది నెలలుగా ఐదు సోషల్ మీడియా ఖాతాల్లో రోజూ ఏదో ఒకటి పోస్ట్ చేస్తున్నారు. ఫాలోవర్లు మెల్లగా పెరుగుతున్నారు, లైకులు వస్తున్నాయి. కానీ డబ్బు కట్టి వాడుతున్న క్లినిక్‌లు పదకొండే. అందులోనూ ఎనిమిది మీకు ముందే తెలిసినవాళ్ళవి. ఇంకా ఎక్కువ పోస్టులు పెట్టాలా, యాడ్స్‌కి ఖర్చుపెట్టాలా, లేక మార్కెటింగ్ ఏజెన్సీకి అప్పగించాలా అన్నది మీ ప్రశ్న.

మూడూ ఇప్పుడే వద్దు. పద్నాలుగేళ్ళుగా మార్కెటింగ్ పనిలోనే ఉన్నాను. మొదట ఏజెన్సీలో, తర్వాత రెండు స్టార్టప్‌లలో, ఇప్పుడు చిన్న టీమ్‌లకు సలహాలిస్తూ. మీ పరిస్థితిలో ఉన్నవాళ్ళను చాలామందిని చూశాను, నేనూ అక్కడ చిక్కుకున్నాను. పోస్టులు చాలక ఆగిపోయినవాళ్ళు వాళ్ళలో దాదాపు లేరు. చూసినవాళ్ళను మళ్ళీ పలకరించే దారి లేకే ఎక్కువమంది ఆగిపోయారు. మీ రీల్ ఒకటి వెయ్యిమంది చూశారనుకోండి. రేపు ఆ వెయ్యిమందిలో ఒక్కరితో మాట్లాడాలన్నా ఎలా? వాళ్ళ పేర్లు మీకు తెలియవు, ఈమెయిల్ లేదు, ఎందుకు ఆగి చూశారో కూడా తెలియదు. ఆ ప్లాట్‌ఫామ్ మళ్ళీ చూపిస్తేనే చూస్తారు. అందుకే ఆన్‌లైన్ ఉనికిని నేను ఒక్క ప్రశ్నతో కొలుస్తాను: ఇవాళ మిమ్మల్ని చూసిన మనిషితో రేపు మళ్ళీ మాట్లాడే దారి మీ చేతిలో ఉందా? కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మీరు లింక్ ఇచ్చారు కాబట్టి మీ వెబ్‌సైట్ చూశాను. నేను చూసి అభిప్రాయం చెప్పడం కన్నా, దాన్ని వాడాల్సిన మనిషి చూస్తే ఏమవుతుందో తెలుసుకోవాలనిపించింది. మా పిన్ని కూతురు ఫిజియోథెరపిస్ట్, సొంత క్లినిక్ ఉంది. నిన్న సాయంత్రం తన ఫోన్‌లోనే మీ సైట్ తెరిచి ఇచ్చి, ఇదేమిటో చూసి చెప్పమ్మా అన్నాను. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. పైన పెద్ద అక్షరాల్లో ‘ఆధునిక ఆరోగ్య సేవలకు సంపూర్ణ డిజిటల్ పరిష్కారం’ అని ఉంది. దాని వెనక వీడియో ఒకటి లోడ్ అవుతూనే ఉంది. తను రెండుసార్లు పైకీ కిందికీ జరిపింది. ‘ఇది హాస్పిటల్ వాళ్ళదా అన్నయ్యా?’ అని అడిగింది. నేను మాట్లాడలేదు. ఇంకా కిందికి వెళ్ళింది, అవార్డు ఫొటో దాటింది, మీ ముగ్గురి పరిచయం దాటింది. నాలుగో స్క్రీన్ దగ్గర ఆగి, ‘ఓ, అపాయింట్‌మెంట్ ముందురోజు పేషెంట్లకి మెసేజ్ పెడుతుందా? ఇది కదా మొదట చెప్పాల్సింది’ అంది.

తర్వాత తను చెప్పింది మీకు బాగా పనికొస్తుంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. వస్తానని చెప్పి రాని పేషెంట్లే తన పెద్ద టెన్షన్. ఆ అరగంటలో తను ఇంకెవరినీ చూసే వీలుండదు, ఎందుకంటే ఆ టైమ్ వేరేవాళ్ళకి ఇచ్చి ఉండదు. రిసెప్షన్‌లో అమ్మాయి ఒక నోట్‌బుక్ ముందు పెట్టుకుని, రేపు వచ్చేవాళ్ళందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తుంది. సగం మంది ఎత్తరు. ఎత్తినవాళ్ళు టైమ్ మార్చమంటారు, ఆ మార్పు నోట్‌బుక్‌లో కొట్టేసి పక్కన రాస్తుంది. ఒక్కోసారి ఒకే టైమ్‌కి ఇద్దరు వచ్చి కూర్చుంటారు.

మీ సాఫ్ట్‌వేర్ ఈ కష్టాన్నే తీరుస్తుంది. కానీ మీ పేజీలో ‘నోట్‌బుక్’ అనే మాట లేదు, ‘రాని పేషెంట్లు’ అనే మాట లేదు, ‘ఒకే టైమ్‌కి ఇద్దరు’ అనే మాట లేదు. ‘సమగ్ర వర్క్‌ఫ్లో ఆప్టిమైజేషన్’ ఉంది. ఆ మాట మీ ఇన్వెస్టర్‌కి అర్థమవుతుందేమో, తొమ్మిదిమంది పేషెంట్లను చూసి అలసిపోయి ఫోన్ తెరిచిన ఫిజియోకి కాదు. ముందు ఆ పైన ఉన్న వాక్యం మార్చండి. ‘వస్తానని చెప్పి రాని పేషెంట్ల వల్ల మీ టైమ్ వృథా అవుతోందా? ముందురోజే మేం గుర్తుచేస్తాం, టైమ్ వాళ్ళే మార్చుకుంటారు’ అన్నా సరిపోతుంది. దాని కింద ఒకే బటన్. ఇప్పుడు మీ పేజీలో ఐదు బటన్లున్నాయి, అందులో మూడు సోషల్ మీడియాకి తీసుకెళ్ళేవి. ఎంతో కష్టపడి మీ ఇంటికి రప్పించుకున్న మనిషిని మీరే తలుపు తీసి బయటికి పంపుతున్నారు. ఆ వీడియో కూడా తీసేయండి. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. మీది మా చెల్లి ఫోన్‌లో అంతకన్నా చాలా ఎక్కువే తీసుకుంది.

సైట్ సరిచేశాక కూడా జనం వాళ్ళంతట వాళ్ళు వచ్చేయరు. మొదటి వందమందిని చేతులతో తెచ్చుకోవాల్సిందే. ఇది చిన్నతనంగా అనిపిస్తుంది, స్టార్టప్ అంటే ఏదో ఒక్కసారి పేలిపోవాలని మనం అనుకుంటాం కాబట్టి. ప్రయాణికులకు ఇళ్ళు, గదులు అద్దెకు ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీ మొదలుపెట్టినవాళ్ళు 2009లో బుకింగ్‌లు రాకపోతే న్యూయార్క్ వెళ్ళి, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళ తలుపులు తట్టి, వాళ్ళ గదులకు మంచి ఫొటోలు తామే తీశారు. సమస్య యాప్‌లో లేదు, ఫొటోల్లో ఉందని అక్కడికి వెళ్ళి చూశాకే నమ్మకం కుదిరింది. కూర్చున్న చోట కంప్యూటర్‌లో అంకెలు చూస్తే అది తెలిసేది కాదు.

మీ పదకొండు క్లినిక్‌లలో ముందుగా తెలియనివాళ్ళు ముగ్గురున్నారన్నారు. నా దృష్టిలో మీ మొత్తం ఫాలోవర్ల కన్నా ఆ ముగ్గురే విలువైనవాళ్ళు. వాళ్ళకి మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. మూడు విషయాలు అడగండి. మా గురించి మొదట ఎక్కడ విన్నారు? దానికి ముందు ఈ పని ఎలా చేసుకునేవారు? కొనే ముందు ఏ అనుమానం వచ్చింది? సమాధానాలు వాళ్ళ మాటల్లోనే రాసుకోండి, మీ భాషలోకి మార్చొద్దు. మూడో ప్రశ్నకి వచ్చే జవాబు చాలా ముఖ్యం. నేను పనిచేసిన ఒక టీమ్‌లో, ధర ఎక్కువని జనం వెనక్కి తగ్గుతున్నారని ఏడాదిపాటు నమ్మాం. అడిగితే తెలిసింది, ఉన్న డేటా కొత్తదాంట్లోకి ఎక్కించడం ఎంత కష్టమో అని భయపడుతున్నారని. డేటా మేమే ఎక్కించిపెడతాం అని ఒక్క వాక్యం రాశాక, డెమో చూసి వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు.

ఇప్పుడు సోషల్ మీడియా సంగతి. ఐదు ఖాతాలు ముగ్గురు మనుషులు నడపలేరు. ఒక్కదాన్ని ఉంచుకుని మిగతావాటిలో పేరు మాత్రం మీదిగా పెట్టుకోండి, వేరేవాళ్ళు తీసుకోకుండా. ప్రొఫైల్‌లో సైట్ లింక్ పెట్టి వదిలేయండి. ఏది ఉంచాలి? ఏది పెద్దదో దాన్ని కాదు. మీ కస్టమర్ తన వృత్తి గురించి ఎక్కడ మాట్లాడతాడో దాన్ని. ఫిజియోలు రీల్స్ చూస్తారు, నిజమే. కానీ అక్కడ వాళ్ళు వినోదం కోసం ఉంటారు, లేదా తమ పేషెంట్ల కోసం తామే వీడియోలు పెడుతుంటారు. క్లినిక్ ఎలా నడపాలన్న చర్చ ఎక్కువగా వృత్తి సంఘాల గ్రూపుల్లో, లింక్డ్‌ఇన్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తుంది. ఆ పదకొండుమందినే అడగండి: ఏదైనా మెషిన్ కొనాలంటే ఎవరిని అడుగుతారు, ఎక్కడ అడుగుతారు? వాళ్ళు చెప్పిన చోటే మీ చోటు.

అక్కడికి వెళ్ళాక మొదటి నెల అమ్మొద్దు. వినండి, తెలిసినదానికి జవాబివ్వండి, మీ సాఫ్ట్‌వేర్ ప్రస్తావన లేకుండానే పనికొచ్చేలా జవాబివ్వండి. ప్రతి గుంపుకీ ఒక భాష ఉంటుంది, అది తెలియకుండా లోపలికి వెళ్తే బయటివాళ్ళమని ఇట్టే పట్టేస్తారు. ఆన్‌లైన్‌లో ఫైళ్ళు దాచుకునే డ్రాప్‌బాక్స్‌ని మొదలుపెట్టిన డ్రూ హ్యూస్టన్ 2008లో, జనం లింకులు పంచుకునే డిగ్ అనే సైట్ కోసం ఒక చిన్న డెమో వీడియో చేశాడు. అందులో తెరమీద కనిపించే ఫైళ్ళ నిండా ఆ సైట్‌లో తిరిగేవాళ్ళకే అర్థమయ్యే సరదా మాటలు దాచిపెట్టాడు. వెయిటింగ్ లిస్ట్ ఒక్క రాత్రిలో 5,000 నుంచి 75,000కి వెళ్ళింది. అప్పటికి ప్రొడక్ట్ ఇంకా అందరికీ అందుబాటులోకి రాలేదు. ఈ కథ చెప్పేవాళ్ళు వీడియో గొప్పతనం చెబుతారు. నాకు మాత్రం అందులో రెండు సంగతులు కనిపిస్తాయి. ఆ గుంపులో తనూ ఒకడు కాబట్టి వాళ్ళ మాటల్లో మాట్లాడగలిగాడు. చూసినవాళ్ళు ఈమెయిల్ ఇచ్చి వెళ్ళే చోటు ముందే సిద్ధం చేసుకున్నాడు. ఆ రెండోది లేకపోతే అదే వీడియోకి చప్పట్లు మిగిలేవి, అంతే.

ఏ పోస్ట్ ఎవరికి చూపించాలో ప్లాట్‌ఫామ్ తేల్చే అల్గారిథమ్ గురించి చాలామంది భయపడతారు, మంత్రాలు వెతుకుతారు. పోస్ట్ ఏ గంటకి పెట్టాలి, ఎన్ని హ్యాష్‌ట్యాగ్‌లు పెట్టాలి అని. దాని మీద నేను ఎక్కువ సమయం పెట్టను. యూట్యూబ్ 2012లోనే ఎన్నిసార్లు క్లిక్ చేశారన్నదాన్ని పక్కనపెట్టి ఎంతసేపు చూశారన్నదాన్ని లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళ దారీ ఇంచుమించు అదే: మనిషి ఆగాడా, చివరిదాకా ఉన్నాడా, ఇంకొకరికి పంపాడా. అంటే ఒకే మాట అడగాలి: ఈ పోస్ట్‌ని ఒక ఫిజియో తన రిసెప్షనిస్ట్‌కి ఫార్వర్డ్ చేస్తుందా? మీ పాత పోస్టులు చూశాను. పండగ శుభాకాంక్షలు, స్ఫూర్తినిచ్చే సూక్తులు, ఆఫీసులో కేక్ కోసిన ఫొటో. వీటిలో ఒక్కటీ ఎవరూ ఫార్వర్డ్ చేయరు. దానికి బదులు ‘రాని పేషెంట్‌కి పంపడానికి నాలుగు మెసేజ్‌లు, ఎవరినీ నొప్పించకుండా’ అని పెట్టండి. అవి కాపీ చేసుకుని వాడుకునేలా రాయండి. మీ సాఫ్ట్‌వేర్ కొనకపోయినా వాడుకునేలా ఉండాలి. వారానికి అలాంటిది ఒక్కటి చాలు. రోజూ పెట్టక్కర్లేదు.

అదే విషయాన్ని మీ సైట్‌లో పెద్ద వ్యాసంగా పెట్టండి, ఎందుకంటే పోస్ట్ రెండు రోజుల్లో కిందికి జారిపోతుంది, వ్యాసం వెతికినవాళ్ళకి ఏళ్ళ తరబడి దొరుకుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ‘ఫిజియోథెరపీ అంటే ఏమిటి’ లాంటివి రాసి సమయం వృథా చేసుకోవద్దు. అలాంటి ప్రశ్నలకి గూగుల్ ఇప్పుడు పైనే ఏఐ సారాంశం చూపించేస్తోంది, మీ దాకా ఎవరూ రారు. పైగా అది వెతికేది పేషెంట్, మీ కస్టమర్ కాదు. మీరు మాత్రమే చెప్పగలిగింది రాయండి. మీ దగ్గర పదకొండు క్లినిక్‌ల అపాయింట్‌మెంట్ల వివరాలున్నాయి. వాళ్ళ అనుమతి తీసుకుని, పేషెంట్ల వివరాలేమీ లేకుండా, వారంలో ఏ రోజు ఎక్కువమంది రావట్లేదు, ముందురోజు గుర్తుచేస్తే ఏం మారింది అన్నది లెక్కగట్టి రాయండి. చిన్న లెక్కే కావచ్చు, పదకొండు క్లినిక్‌లదేనని స్పష్టంగా చెప్పండి. మరెక్కడా దొరకనిది కాబట్టి ఇతరులు దాన్ని ప్రస్తావిస్తారు, లింక్ ఇస్తారు. మూడు నాలుగు నెలలు పడుతుంది, ఈలోగా నిరాశపడొద్దు. గూగుల్ వాళ్ళ సెర్చ్ కన్సోల్ అనే టూల్ ఉచితం, ఇవాళే పెట్టుకోండి. జనం గూగుల్‌లో ఏ మాటలు కొట్టినప్పుడు మీ పేజీ కనిపించిందో అది చూపిస్తుంది. ఆ మాటల్లోంచే మీ తర్వాతి వ్యాసం పుడుతుంది.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది. ఎనిమిదేళ్ళ క్రితం నేను పనిచేసిన స్టార్టప్‌కి ఒక ప్లాట్‌ఫామ్‌లో పెద్ద పేజీ ఉండేది. మా అమ్మకాల్లో చాలా భాగం అక్కడినుంచే. ఒక సోమవారం ఉదయం లాగిన్ అవుదామంటే, నిబంధనలు ఉల్లంఘించారంటూ ఖాతా మూసేసినట్టు కనిపించింది. ఏ నిబంధనో రాయలేదు. అప్పీల్ ఫారం నింపాను. ఆటోమేటిక్ జవాబు వచ్చింది. మళ్ళీ నింపాను. ఇరవై మూడు రోజులు అలా గడిచాయి. ఆ రోజుల్లో నేను ఆఫీసుకి వెళ్ళి చేసింది ఒక్కటే, ఆ పేజీని రీలోడ్ చేయడం. చివరికి ఏ వివరణా లేకుండా ఖాతా తిరిగొచ్చింది. ఈలోగా మేం ఇద్దరిని ఉద్యోగంలోంచి తీసేయాల్సి వచ్చింది. వాళ్ళ తప్పేమీ లేదు. మాకు అంతమంది అభిమానులుండి, ఒక్కరి ఈమెయిల్ అయినా దగ్గర పెట్టుకోకపోవడం మా తప్పు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం.

ఖాతా మూయకపోయినా ప్రమాదం ఉంటుంది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ప్రపంచమంతా ఆరు గంటల పాటు ఆగిపోయాయి. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో స్నేహితుల, కుటుంబసభ్యుల పోస్టులకు పెద్దపీట వేస్తామని ప్రకటించాక, పేజీల మీదే బతికిన ఎన్నో చిన్న పత్రికల, వ్యాపారాల పోస్టులు కనిపించడం బాగా తగ్గిపోయింది. ఆర్కుట్ 2014లో పోయింది, వైన్ 2017లో, గూగుల్ ప్లస్ 2019లో. అక్కడ ఏళ్ళపాటు కట్టుకున్న పరిచయాలన్నీ వాటితోపాటే పోయాయి. సోషల్ మీడియా వద్దని నేను అనడం లేదు. అది అద్దె ఇల్లు. సొంత డొమైన్ (అంటే మీ సైట్ చిరునామా), సొంత సైట్, ఈమెయిల్ లిస్ట్ మీ ఇల్లు. అద్దె ఇంట్లో కలిసిన ప్రతి మనిషినీ మీ ఇంటికి ఒకసారి పిలవండి.

ఎలా పిలవాలి? ‘మా న్యూస్‌లెటర్‌కి సబ్‌స్క్రైబ్ చేయండి’ అంటే ఎవరూ రారు. ఆ నాలుగు మెసేజ్‌ల సంగతి చెప్పాను కదా, అవి పదిహేను చేసి, ఒక ఫైల్‌గా పెట్టి, ఈమెయిల్ ఇస్తే పంపుతామని చెప్పండి. తర్వాత రెండు వారాలకోసారి ఒక చిన్న ఉత్తరం. ఉత్తరం అనే మాట కావాలనే వాడాను. రంగుల బ్యానర్లు, మూడు నిలువు వరసలు వద్దు. మీలో ఒకరి పేరుతో, మామూలుగా రాసినట్టు, చివర ఒక ప్రశ్నతో. ‘మీ క్లినిక్‌లో ఏ రోజు ఎక్కువ ఖాళీ పోతుంది?’ అని అడిగితే జవాబులొస్తాయి. ప్రతి జవాబుకీ మీరే తిరిగి రాయండి. నాకు తెలిసి చిన్న టీమ్‌లకు కస్టమర్లు ఎక్కువగా ఈ జవాబుల్లోంచే దొరికారు.

సాంకేతికంగా ఒక పని తప్పనిసరి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈమెయిల్ పంపేవాళ్ళ మీద నిబంధనలు గట్టిచేశాయి. మీ డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు పెట్టాలి, ఆ ఈమెయిల్ నిజంగా మీ దగ్గరినుంచే వచ్చిందని అవి నిరూపిస్తాయి. మూడూ తప్పనిసరి అన్నది రోజుకి 5,000కి పైగా పంపేవాళ్ళకే, అయినా మొదటి రోజునుంచే పెట్టుకోండి, డెవలపర్‌కి గంట పని. స్పామ్ అని కొట్టేవాళ్ళు 0.3 శాతం దాటకూడదు. అంటే వెయ్యిమందిలో ముగ్గురికి కోపం వచ్చినా ప్రమాదమే. అందుకే ఎక్కడో కొన్న లిస్ట్‌కి ఎప్పుడూ పంపొద్దు. వద్దనుకున్నవాళ్ళు ఒక్క క్లిక్‌తో వెళ్ళిపోయేలా ఉంచండి. ఇంకో మాట, ఎంతమంది తెరిచారన్న లెక్కని నమ్మొద్దు. 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యత ఏర్పాటు తెచ్చినప్పటినుంచి, తెరవని ఈమెయిల్ కూడా తెరిచినట్టు కనిపిస్తోంది. ఎంతమంది జవాబిచ్చారు, ఎంతమంది డెమో అడిగారు, అవి లెక్కపెట్టండి.

యాడ్స్ గురించి. మీ లెక్క మీరే వేసుకోండి: ఒక క్లినిక్ మీకు నెలకి ఎంత కడుతుంది, సగటున ఎన్ని నెలలు ఉంటుంది, అందులో ఖర్చులు పోను మిగిలేదెంత. ఒక కస్టమర్‌ని తెచ్చుకోవడానికి అంతకన్నా బాగా తక్కువ ఖర్చవ్వాలి. చెప్పడం సులువు, గాలివాటుగా పోతే ఎంత నష్టమో డ్రాప్‌బాక్స్‌కే తెలిసింది. వాళ్ళు మొదట్లో గూగుల్ యాడ్స్ ప్రయత్నిస్తే, 99 డాలర్ల ప్రొడక్ట్ కొనే ఒక్కో కస్టమర్‌కి 233 నుంచి 388 డాలర్లు ఖర్చయిందని హ్యూస్టనే చెప్పాడు. అప్పుడు యాడ్స్ తగ్గించి, స్నేహితుణ్ణి తీసుకొస్తే ఇద్దరికీ అదనపు స్టోరేజ్ అన్న పథకం పెట్టారు. 2008 సెప్టెంబర్‌లో లక్ష ఉన్న వాడుకరులు 2010 జనవరికి 40 లక్షలయ్యారు. అక్కడ పనిచేసిందల్లా, ఇష్టపడి వాడుతున్నవాళ్ళకి ఇంకొకరికి చెప్పే దారి చూపించడం. ఫిజియోలు ఒకరికొకరు తెలిసినవాళ్ళే. మీ పదకొండుమందిలో ఒకరు ఇంకో క్లినిక్‌ని పరిచయం చేస్తే ఇద్దరికీ ఒక నెల ఉచితం అని ఇప్పుడే పెట్టొచ్చు. కానీ ముందు ఆ పదకొండుమందీ నిజంగా ఇష్టపడుతున్నారా అన్నది తేల్చుకోండి. వాళ్ళలో ఎవరైనా వారానికోసారి కూడా లాగిన్ కాకపోతే, ముందు ఆ క్లినిక్‌కి వెళ్ళండి.

కొన్నాళ్ళకి యాడ్స్ పెట్టాల్సి వస్తే, సెర్చ్ యాడ్స్‌తో మొదలుపెట్టండి. ‘క్లినిక్ అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్’ అని కొట్టిన మనిషి కొనడానికే వచ్చాడు. ఫీడ్‌లో వేలు జరుపుతున్న మనిషి అలా కాదు, అతన్ని ఆపడానికే డబ్బు పోతుంది. పైగా 2021 ఏప్రిల్‌లో యాపిల్ యాప్‌ల మధ్య ట్రాకింగ్‌కి అనుమతి తప్పనిసరి చేశాక, ఫేస్‌బుక్ యాడ్స్ సరైన మనిషిని వెతికిపట్టుకోవడం కష్టమైంది. దానివల్ల 2022లో తమకి దాదాపు వెయ్యి కోట్ల డాలర్ల ఆదాయం తగ్గొచ్చని ఫేస్‌బుక్ కంపెనీ మెటానే చెప్పింది. పెద్ద కంపెనీలు లక్షలసార్లు పరీక్షించి సర్దుకుంటాయి, మీ బడ్జెట్‌కి ఆ నేర్చుకునే అవకాశం ఉండదు. జనం వెతికే ఐదారు మాటలకే పరిమితమై, పోతే బాధపడనంత మొత్తం పెట్టండి. యాడ్ నొక్కినవాళ్ళు హోమ్‌పేజీకి కాకుండా, వాళ్ళు వెతికిన మాటే పైన కనిపించే పేజీకి రావాలి.

ఎవరు ఎక్కడినుంచి వచ్చారో తెలుసుకోవడానికి మీరు బయట పెట్టే ప్రతి లింక్ చివర యూటీఎం కోడ్ (ఆ లింక్ ఎక్కడ పెట్టారో చెప్పే చిన్న గుర్తు) తగిలించండి. అయినా వాట్సాప్‌లో ఒకరు ఇంకొకరికి చెప్పింది ఏ టూల్‌కీ చిక్కదు. అందుకే సైన్‌అప్ ఫారంలో ‘మా గురించి ఎలా తెలిసింది?’ అని ఒక ఖాళీ పెట్టండి. ఎంచుకునే జాబితా కాదు, రాసుకునే ఖాళీ. ‘మా సీనియర్ చెప్పారు’ అని ఎవరైనా రాస్తే, ఆ సీనియర్ ఎవరో కనుక్కుని కృతజ్ఞత చెప్పండి. ప్రతి శుక్రవారం ముగ్గురూ కూర్చుని నాలుగే అంకెలు చూడండి: కొత్తగా ఈమెయిల్ ఇచ్చినవాళ్ళు, డెమో అడిగినవాళ్ళు, కొన్నవాళ్ళు, మానేసినవాళ్ళు. ఫాలోవర్ల సంఖ్య ఆ కాగితం మీద ఉండకూడదు. నాకు తెలుసు, మొదటి నెల చాలా వెలితిగా ఉంటుంది. ఫాలోవర్ల అంకె రోజూ పెరిగి ధైర్యం ఇస్తుంది, డెమోల అంకె వారమంతా రెండు దగ్గరే నిలబడి ఉంటుంది. కానీ ఆ రెండు మాత్రమే నిజం.

ఫాలోవర్లను, రివ్యూలను అమ్ముతామని ఎవరైనా వస్తే పంపించేయండి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో నకిలీ రివ్యూలు కొనడాన్ని, తప్పని తెలిసి దొంగ ఫాలోవర్లను కొనడాన్ని నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. చట్టం సంగతి పక్కనపెట్టినా, కొన్న ఫాలోవర్లు మీ పోస్ట్ చూడరు, ఎవరూ చూడని పోస్ట్‌ని ప్లాట్‌ఫామ్ నిజమైనవాళ్ళకీ చూపించదు. వైద్యరంగంలో ఉన్నారు కాబట్టి నమ్మకం ఒక్కసారి పోతే మళ్ళీ రాదు.

ఏజెన్సీల్లో మంచివాళ్ళున్నారు, నేనూ అక్కడినుంచి వచ్చినవాణ్ణే. కానీ మీ కస్టమర్ ఏ మాటలకి తల ఊపుతాడో మీకే ఇంకా తెలియనప్పుడు వాళ్ళకెలా తెలుస్తుంది? ఊహించి రాస్తారు, ఇప్పుడు మీ పేజీలో ఉన్నట్టే ఉంటుంది. ముప్పై నలభై క్లినిక్‌లు మీ అంతట మీరు తెచ్చుకున్నాక, ఏది పనిచేస్తోందో తెలిశాక, దాన్ని పెంచే పనికి ఏజెన్సీని పెట్టుకోండి. అప్పుడు వాళ్ళకేం చెప్పాలో మీకు తెలుస్తుంది, వాళ్ళు చేసింది సరైందో కాదో కూడా తెలుస్తుంది. అప్పటికి కూడా డొమైన్, యాడ్ ఖాతా, అనలిటిక్స్, ఈమెయిల్ లిస్ట్ అన్నీ మీ కంపెనీ పేరు మీదే తెరిచి, వాళ్ళకి పని చేసుకునే అనుమతి మాత్రమే ఇవ్వండి.

ఆ మాట వచ్చింది కాబట్టి, ఇవాళ రాత్రే ఒకటి చూసుకోండి. మీ డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? సైట్ చేసిపెట్టిన ఫ్రీలాన్సర్ తన ఖాతాలో తన ఈమెయిల్‌తో కొనిచ్చి ఉంటే, రెన్యువల్ నోటీసు అతనికే వెళ్తుంది. అతను చూడకపోతే మీ సైట్, మీ ఈమెయిల్ రెండూ ఒకే రోజు ఆగిపోతాయి. మంచిగా మాట్లాడి మీ ఖాతాలోకి మార్పించుకోండి, ఆటో రెన్యువల్ పెట్టండి, అన్ని ఖాతాలకీ టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టి రికవరీ కోడ్‌లు ముగ్గురిలో కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి. ఆ ముగ్గురు కస్టమర్లతో మాట్లాడాక వాళ్ళేమన్నారో ఇక్కడ రాయండి, పేర్లు లేకుండా. పేజీ మీద కొత్త వాక్యం ఏముండాలో అప్పుడు కలిసి చూద్దాం.